కంటికి నచ్చే దుబ్బు వేరు.. గాదె నింపే దుబ్బు వేరు

విత్తనం ఎంపికలో రైతు కన్ను మోసపోయేది ఎక్కడ?

మార్టేరు: సార్వా చేను పండింది. కోతకు ఇంకా పది రోజులుంది. రైతు గట్టు వెంట నడుస్తూ చేను కలియజూస్తాడు. గట్టు వారన ఒక దుబ్బు మిగతావాటికంటే ఏపుగా కనిపిస్తుంది. పిలకలెక్కువ, వెన్ను పొడవు, గింజ నిండు. రైతు కన్ను అక్కడే ఆగిపోతుంది. ఆ దుబ్బుకు గడ్డిపరకతో ముడి వేసి, దాన్ని విడిగా కోయించి, వచ్చే ఏడాది విత్తనానికి దాస్తాడు. తాత చేసిన పని అదే, తండ్రి చేసిన పనీ అదే.

మరుసటి ఏడాది ఆ విత్తనంతో పోసిన ఆకుమడి ఊడ్చి పండిస్తే చేను మాత్రం పోయినేటిలాగే ఉంటుంది. ఒక్కోసారి ఇంకా తగ్గుతుంది కూడా. ఎరువు చాల్లేదని ఒకరు, కాలం కలిసి రాలేదని ఒకరు అనుకుంటారు. అసలు తప్పు ముడి వేసిన దుబ్బు దగ్గరే జరిగిందని గుర్తించేవారు తక్కువ.

వరి వంగడాల పరిశోధన నేర్పిన పెద్ద పాఠం ఇదే. ఒంటరిగా చూస్తే గొప్పగా కనిపించే దుబ్బు, వేల దుబ్బుల మధ్య నిలిచి బస్తాలు నింపే దుబ్బు ఒకటి కావు. గత అరవై ఏళ్లలో వరి దిగుబడులు పెరిగిన తీరు వెనక ఉన్నది ఈ రహస్యమే.

గట్టు పక్క మోసం

గట్టు వారనున్న దుబ్బుకు ఒక పక్క పొరుగు లేదు. ఆ పక్కనుంచి ఎండ నిండుగా తగులుతుంది, గాలి ఆడుతుంది. వేళ్లు గట్టు వైపు పాకి, ఇతర దుబ్బులకు అందని సత్తువ తెచ్చుకుంటాయి. అందుకే అది పెరిగింది. ఆ ఏపు దాని రక్తంలోది కాదు, అది నిలబడిన చోటుది. విత్తనం వెంట వచ్చేది రక్తంలోని గుణమే గాని చోటు బలం కాదు.

చేను నడుమ ఊడ్పుల్లో ఖాళీ పడిన చోట ఉన్న దుబ్బు సంగతీ ఇంతే. పేడకుప్ప వేసిన జాగాలో, కాలువ నీరు ముందు తగిలే మూలలో మొలిచిన దుబ్బు సంగతీ ఇంతే.

పరిశోధనా కేంద్రాల్లో దిగుబడి లెక్క కట్టేటప్పుడు మడి చుట్టూ ఉన్న గట్టు వరుసలను వదిలేసి, లోపలి భాగాన్ని మాత్రమే కోసి తూస్తారు. ఒకే రకాన్ని ఒక్క మడిలో వేసి ఊరుకోరు. అదే పొలంలో మూడు నాలుగు చోట్ల వేస్తారు, వేర్వేరు ఊళ్లలో వేస్తారు, రెండు మూడేళ్లు చూస్తారు. చివరికి చిరుసంచుల పేరుతో రైతుల పొలాలకే ఇచ్చి పండిస్తారు. ఇంత తతంగం ఎందుకంటే చోటు బలాన్ని, కాలం బలాన్ని పక్కకు తీసేసి, విత్తనం బలం ఎంతో తేల్చుకోవడానికే.

పాత పొడుగు రకాలు

అక్కుళ్లు, కృష్ణకాటుకలు, మొలగొలుకులు వంటి పేర్లు పెద్దల నోట ఇప్పటికీ వినిపిస్తాయి. ఇటువంటి పాత రకాలు చాలావరకు పొడుగు రకాలు. మనిషి గుండెల దాకా, కొన్నయితే తల దాకా పెరిగేవి. అందుకు కారణముంది. వాటిని తరతరాలుగా ఏరి నిలబెట్టినవారు గింజ ఒక్కటే చూసుకోలేదు. ఎడ్లకు, గేదెలకు గడ్డి కావాలి. ఇంటి కప్పుకు గడ్డి కావాలి. చేలో నీరు నిలిస్తే పైరు తల పైకి ఉండాలి. కలుపును పైరే అణిచివేయాలి. ఈ పనులన్నీ పొడుగు పైరు చక్కగా చేసేది.

చిక్కల్లా ఎరువు వేసినప్పుడే వచ్చేది. సత్తువ పెరిగేకొద్దీ పైరు ఇంకా పొడుగెదిగేది. ఆకులు వాలి ఒకదాన్నొకటి కమ్ముకునేవి. వెన్ను బరువెక్కేసరికి సన్నని కాడ మోయలేకపోయేది. ఒక్క గాలివాన వస్తే చేను చేనంతా నేలకొరిగేది. పడిన చేలో గింజ పాలుపోసుకోదు, తాలు పెరుగుతుంది. నీటిలో నానిన వెన్నుల మీదే మొలకలు వస్తాయి. పడిన పైరు కోయడానికి కూలీ ఎక్కువ.

అలాంటి ఏడాది సొంత చేను రైతు నష్టంతో బయటపడితే, కౌలు రైతు అప్పులో పడతాడు. చేను పడినా ఇవ్వాల్సిన కౌలు బస్తాలు తగ్గవు గదా! ఈ డెల్టాలో కోతల కాలమూ తుపానుల కాలమూ ఒకటే. కాడ నిలబడుతుందా, పడుతుందా అన్నది ఇక్కడ శాస్త్రం సంగతి మాత్రమే కాదు, కౌలుదారు ఇంట్లో పొయ్యి వెలుగుతుందా లేదా అన్న సంగతి.

పోట్లాడే మొక్క, కలిసి బతికే మొక్క

ఎరువు వేసినా పడని పైరు కావాలంటే కాడ పొట్టిగా, దృఢంగా ఉండాలి. అలాంటి మొక్కలు పాత చేలల్లో ఎప్పుడూ పుట్టలేదా? పుట్టే ఉంటాయి. మరి రైతు కంట పడి ఎందుకు నిలవలేదు?

ఫిలిప్పీన్స్ దేశంలోని లాస్ బన్యోస్‌లో 1960లో అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ ఏర్పడింది. మన రైతులు దాన్ని ఇర్రి అంటారు. పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రజ్ఞుడు అక్కడ పొడుగు రకాలను, పొట్టి రకాలను కలిపి ఒకే మడిలో వేసి చూశారు. పంటలో వచ్చిన గింజలను కలగలుపుగానే మళ్లీ విత్తారు. కొన్ని పంటలు తిరిగేసరికి పొట్టి రకాలు దాదాపు మాయమయ్యాయి. పొడుగు మొక్కలు పైకెదిగి, ఆకులు పరిచి, పొట్టివాటికి ఎండ తగలనివ్వలేదు. అయితే వేటికి వాటిని విడివిడి మడుల్లో వేసినప్పుడు ఎక్కువ గింజ ఇచ్చింది పొట్టి రకాలే. ఈ ఫలితాలు 1968లో వెలువడ్డాయి.

అంటే పొడుగు మొక్క తన పక్క మొక్కను తొక్కి గెలుస్తుంది. చేను నిండా అలాంటివే ఉంటే ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. వాటి సత్తువంతా కాడకు, ఆకుకు పోతుంది. పొట్టి మొక్కలో ఆ పోట్లాట తక్కువ. నిటారు ఆకులు తన ఎండ తాను తీసుకుని, మిగిలింది కింది ఆకులకు, పక్క దుబ్బులకు వదులుతాయి. అదే ఏడాది 1968లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞుడు డొనాల్డ్ గోధుమ విషయంలో ఇదే మాట చెప్పారు. దిగుబడి ఇచ్చే మొక్క పొరుగు మొక్కతో గట్టిగా పోటీపడని మొక్కగా ఉండాలన్నది ఆయన వాదన.

గట్టు మీద నిలబడి చూసే కన్నుకు మాత్రం గెలిచిన మొక్కే నచ్చుతుంది. తరతరాలుగా పొడుగు రకాలే నిలిచాయంటే అందులో మొక్కల పోట్లాట ఒక భాగం, మన ఇష్టం మరో భాగం.

ముప్పై ఎనిమిదింటిలో ఎనిమిదోది

జెన్నింగ్స్ 1962లో 38 సంకరాలు చేశారు. వరి పువ్వులో ఆడ మగ భాగాలు ఒకే చోట ఉంటాయి. తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. సంకరం చేయాలంటే పువ్వు విచ్చకముందే గింజ కొన కత్తిరించి, లోపలున్న ఆరు పుప్పొడి తిత్తులను తీసేయాలి. వెన్నుకు కాగితపు సంచి తొడగాలి. పువ్వులు విచ్చే వేళకు తండ్రి రకం వెన్ను తెచ్చి దాని మీద దులపాలి. ఓపిక ఉన్న చేతుల పని.

ఆ వరుసలో ఎనిమిదో సంకరం చరిత్రకెక్కింది. దాని తల్లి ఇండోనేషియా పొడుగు రకం పేటా. పేటా పుట్టుకలో బెంగాల్ ప్రాంతపు లతీసైల్ పాలు ఉంది. తండ్రి తైవాన్‌కు చెందిన డీ-జియో-ఊ-జెన్ అనే పొట్టి రకం. సంకరంలో 130 గింజలు వచ్చాయి. వాటిని నాటితే వచ్చిన మొక్కలన్నీ పొడుగే! పొట్టి గుణం పోయిందనుకుంటే పొరపాటు. అది లోపల దాగి ఉంటుంది. మరుసటి తరంలో నాలుగు మొక్కల్లో ఒకటి చొప్పున పొట్టివి బయటపడతాయి. ఆ తరంలో దాదాపు 10,000 మొక్కలు పెంచి, పొడుగువాటిని, ఆలస్యంగా ఈనేవాటిని తీసేశారు. పొట్టివి మాత్రమే నిలిపారు.

తర్వాతి తరాల్లో ఏరే పని హెన్రీ బీచెల్ చేపట్టారు. 288వ వరుసలోని మూడో మొక్క ఆయన కంట పడింది. దాని సంతతే ఐఆర్-8. దీన్ని 1966 నవంబరులో విడుదల చేశారు. ఎత్తు మీటరుకు అటూ ఇటూ. ఎరువు వేస్తే పడిపోకుండా దాన్ని గింజగా మార్చింది. లాస్ బన్యోస్ ప్రయోగ మడుల్లో హెక్టారుకు 9 టన్నులకు పైగా పండింది.

పొట్టి గుణం వెనకున్న కిటుకు 2002లో తేలింది. మొక్క కాడను పొడిగించే జిబ్బరెల్లిన్ అనే రసాయనం మొక్కలోనే తయారవుతుంది. ఆ తయారీలో పనిచేసే ఒక జన్యువు పొట్టి రకంలో చెడి ఉంది. కాడలో ఆ రసాయనం తగ్గి కణుపుల మధ్య దూరం తగ్గింది. వెన్ను మాత్రం చిన్నది కాలేదు. ఒక్క జన్యువులోని లోపం లోకానికి మేలు చేసింది!

పాత పొడుగు రకాల్లో నేల పైనున్న పైరు ఎండు బరువు 100 కిలోలైతే గింజ 30 కిలోలకు అటూ ఇటూ ఉండేది. పొట్టి రకాల్లో అది 50 కిలోల దాకా వచ్చింది. మొక్క మరీ ఎక్కువ పెరిగిందని కాదు, పెరిగినదాన్ని గడ్డికి తగ్గించి గింజకు పెట్టింది.

ఆచంట చేలల్లో

ఈ కథ ఫిలిప్పీన్స్‌లోనే ఆగిపోలేదు. ఆచంటకు చెందిన నెక్కంటి సుబ్బారావు 1967లోనే తన చేలో ఐఆర్-8 పండించారు. ఆ విత్తనాన్ని రైతుల్లో వ్యాప్తి చేసి "మిస్టర్ ఐఆర్-8" అని పేరు తెచ్చుకున్నారు.

దానికి కాస్త ముందే తైవాన్ నుంచి తైచుంగ్ నేటివ్-1 అనే పొట్టి రకం దేశానికి వచ్చింది. అఖిల భారత వరి పరిశోధనా పథకం 1965లో హైదరాబాద్ కేంద్రంగా మొదలైంది. 1968లో జయ విడుదలైంది. దీన్ని తైచుంగ్ నేటివ్-1ను ఒడిశా రకం టి-141తో కలిపి తీశారు.

నాలుగు అంకెల గుణకారం

దిగుబడి అంటే శాస్త్రజ్ఞుల లెక్కలో నాలుగు అంకెల గుణకారం. చదరపు మీటరుకు వెన్నులెన్ని? వెన్నుకు గింజలెన్ని? అందులో నిండినవెన్ని? వెయ్యి గింజల బరువెంత?

ఉదాహరణకు చదరపు మీటరులో 300 వెన్నులున్నాయనుకుందాం. వెన్నుకు తాలు పోగా 100 నిండు గింజలు, వెయ్యి గింజల బరువు 20 గ్రాములు. అంటే చదరపు మీటరుకు 30,000 గింజలు, 600 గ్రాములు. ఎకరా సుమారు 4,047 చదరపు మీటర్లు కనుక దాదాపు 2,430 కిలోలు. 75 కిలోల బస్తా లెక్కన 32 బస్తాల పైచిలుకు.

ఈ నాలుగింటిలో ఒకటి పెంచితే చాలదా అనిపిస్తుంది. కాని ఒకటి పెంచితే మరొకటి తగ్గుతుంది. పిలకలు మరీ ఎక్కువైతే వెన్నులు చిన్నవవుతాయి. వెన్నుకు గింజలు మరీ ఎక్కువైతే అన్నీ నిండవు, అడుగు గింజలు తాలు పోతాయి. గింజ లావైతే సంఖ్య తగ్గుతుంది. వెన్ను పొడవు ఒక్కటే చూసి విత్తనం ఏరే రైతు నాలుగు అంకెల్లో ఒక్క అంకెనే చూస్తున్నట్టు. ఎక్కువమంది లెక్క తప్పేది ఇక్కడే.

మరొక లెక్క కాలం. పంటకాలం తగ్గితే దాళ్వాకు వీలు కలుగుతుంది, నీరు మిగులుతుంది. అయితే ఎండ తీసుకునే రోజులు తగ్గినందున గింజా కొంత తగ్గవచ్చు. ఒక పంటలో వచ్చే బస్తాలే కాక, ఏడాది మొత్తంలో చేతికొచ్చే బస్తాలు చూసుకోవాలి.

లాభం వెంటే నష్టం

పొట్టి రకాలు వచ్చీరాగానే అంతా బాగుందనడానికి లేదు. తైచుంగ్ నేటివ్-1ను ఎండాకు తెగులు పట్టి పీడించింది. ఐఆర్-8 గింజ లావు, పొట్ట తెల్లన, మరలో నూక ఎక్కువ. అన్నం చల్లారితే గట్టిపడేది. పండినా తినడానికి నచ్చకపోతే, అమ్మితే ధర రాకపోతే రైతుకు సగం ఆనందమే.

ఎరువు పెరిగింది, దుబ్బులు దట్టమయ్యాయి. దుబ్బు మొదళ్లలో గాలి ఆడని చోట సుడిదోమ చేరింది. మందులు విచక్షణ లేకుండా కొట్టినచోట దోమను తినే సాలీళ్లు, మిరిడ్ నల్లులు చచ్చి దోమపోటు మరింత ఎక్కువైంది. గడ్డి పొట్టిదైంది, పశువులకు మేత తగ్గింది. తగ్గిన గడ్డి, పెరిగిన ఎరువు బిల్లు, మందుల ఖర్చు అన్నీ దిగుబడి లెక్కలో కలపాల్సినవే.

అందుకే ఎంపిక ఆగలేదు. పొట్టి చట్రం ఉంచుకుని, దాని లోపాలు ఒక్కొక్కటే సరిదిద్దే పని మొదలైంది. ఆ పనిలో ఈ జిల్లాకు పెద్ద పాలుంది.

మార్టేరు స్వర్ణ

మార్టేరు వరి పరిశోధనా కేంద్రం 1925లో ఏర్పడింది. అక్కడి రకాలకు ఎంటీయూ అనే అక్షరాలు ముందుంటాయి. 1982లో అక్కడి నుంచి వచ్చిన ఎంటీయూ-7029 పేరు స్వర్ణ. వశిష్ట, మసూరి రకాలను కలిపి తీశారు.

మసూరి మలేషియా నుంచి వచ్చింది. తినడానికి బాగుంటుంది, తక్కువ సత్తువలోనూ పండుతుంది. కాని పొడుగు, కాడ బలహీనం. స్వర్ణలో మసూరి మంచి గుణాలు పొట్టి చట్రం మీద కూర్చున్నాయి. 145 నుంచి 150 రోజుల సార్వా పంట. కాడ నిలబడుతుంది. నత్రజని మరీ ఎక్కువ అడగదు. ఎరువుకు డబ్బు చాలని చిన్న రైతుకు, కౌలుదారుకు అది కలిసొచ్చింది. గోదావరి డెల్టా నుంచి ఒడిశా, పశ్చిమ బెంగాల్, బీహార్ దాకా పాకింది. సరిహద్దు దాటి బంగ్లాదేశ్ రైతుల చేతుల్లోకి విత్తనం చేతిమీదుగానే వెళ్లింది.

బాపట్ల నుంచి 1986లో వచ్చిన బీపీటీ-5204, అంటే సాంబ మసూరిది ఇంకో దారి. జీఈబీ-24ను తైచుంగ్ నేటివ్-1తో, దాన్ని మళ్లీ మసూరితో కలిపి తీశారు. జీఈబీ-24 కోయంబత్తూరులో 1921లో వెలువడిన పేరున్న సన్న రకం. సాంబ మసూరి గింజ చాలా చిన్నది. వెయ్యి గింజలు 15 గ్రాములకు అటూ ఇటూ. అయినా వెన్నుకు గింజలెక్కువ కావడంతో దిగుబడి నిలిచింది, సన్నబియ్యం కనుక ధరా పలికింది. నాలుగు అంకెల్లో ఒకటి తగ్గినా మరొకటి ఎలా కాపాడుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. దీనికి ఎండాకు తెగులు బెడద ఎక్కువ. ఆ తెగులును తట్టుకునే మూడు జన్యువులు చేర్చి హైదరాబాద్ శాస్త్రజ్ఞులు తీసిన మెరుగైన సాంబ మసూరి 2008లో విడుదలైంది.

మునిగినా లేచిన పైరు

పొట్టి పైరుకు ఇంకో లోపం ముంపు. ఊడ్చిన కొద్ది రోజులకే కాలువలు పొంగి, మురుగు తీయకపోతే పొట్టి పైరు నిలువునా మునుగుతుంది. మునిగిన మామూలు వరి తల పైకెత్తాలని గబగబా సాగి, ఉన్న సత్తువంతా ఖర్చుచేసుకుని, నీరు తీసే నాటికి కుళ్లిపోతుంది.

ఒడిశాకు చెందిన ఎఫ్ఆర్-13ఎ అనే పాత రకం అలా చేయదు. నీట మునిగితే ఎదుగుదల ఆపి, సత్తువ దాచుకుని, ఓపిక పడుతుంది. నీరు తీశాక మళ్లీ చిగురిస్తుంది. ఆ గుణానికి కారణమైన సబ్-1ఎ జన్యువును 2006లో గుర్తించారు. ఎఫ్ఆర్-13ఎ మామూలుగా తక్కువ పండే రకం. అందుకని దాని మిగతా గుణాలు రాకుండా ఆ ఒక్క గుణాన్నే స్వర్ణలోకి తెచ్చారు. సంకరం చేయగా వచ్చిన మొక్కలను మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ కావలసిన జన్యువు ఉన్న మొక్కలనే ఏరుకున్నారు. అలా వచ్చిన స్వర్ణ సబ్-1 మన దేశంలో 2009లో విడుదలైంది. దాదాపు రెండు వారాల దాకా ముంపును తట్టుకోగలదు.

గమనించాల్సింది ఏమిటంటే, దిగుబడి లేదని ఎవరూ పట్టించుకోని పాత రకమే లక్షల ఎకరాలను కాపాడే గుణం ఇచ్చింది. పాత విత్తనాన్ని పోగొట్టుకోకూడదని పెద్దలు చెప్పే మాటలో ఎంత బలముందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రైతు చేయగల ఎంపిక

సంకరాలు చేయడం కేంద్రాల పని. కాని వచ్చిన రకాన్ని చెడకుండా నిలుపుకోవడం రైతు చేతిలో పనే. వరి తన పుప్పొడితోనే గింజ కడుతుంది కనుక మామూలు రకాల విత్తనం ఏడాదికేడాది వెనక్కి పోనక్కర్లేదు. చెడేది ఎక్కువగా కల్తీ వల్ల. కళ్లంలో రెండు రకాలు కలవడం, నూర్పిడి యంత్రంలో పాత గింజలు మిగలడం, పోయిన పంటలో రాలిన గింజలు చేలో మొలవడం ఇందుకు కారణాలు. కలిసిన గింజల్లో పొడుగువి ఉంటే జెన్నింగ్స్ మడిలో జరిగిందే రైతు చేలోనూ జరుగుతుంది. పొడుగువి పెరిగి మంచివాటిని తొక్కుతాయి.

విత్తనానికి చేను నడుమ నీరు, ఎరువు సమంగా అందిన భాగాన్ని ఎంచుకోవాలి. గట్టు వార వరుసలు, ఖాళీల పక్క దుబ్బులు వదిలేయాలి. పక్క చేలో వేరే రకం ఉంటే కనీసం మూడు మీటర్ల దూరం పాటించాలి.

బెరుకులను మూడుసార్లు ఏరాలి. పిలకలు వేసేటప్పుడు ఆకు రంగు, కాడ రంగు తేడా ఉన్నవి. ఈనే దశలో ముందుగా, ఆలస్యంగా వెన్ను తీసినవి. కోతకు ముందు ఎత్తు, గింజ తీరు తేడా ఉన్నవి. చేను పైన తల ఎత్తి కనిపించే మొక్కను చూసి ముచ్చటపడకుండా, ముందు దాన్నే దుబ్బుతో సహా పీకేయాలి. ఇది కొత్తవారికి మనసొప్పని పనే గాని తప్పదు.

మిగిలిన వాటిలో ఒకే ఎత్తు, ఒకే రోజుల్లో పండినవి, కాడ దృఢంగా ఉన్నవి, వెన్ను అడుగు దాకా గింజ నిండినవి ఎంచుకోవాలి. తెగులు మచ్చలున్న వెన్నులు ఎంత పెద్దవైనా వద్దు. ఈ భాగాన్ని ముందుగా విడిగా కోసి, శుభ్రం చేసిన కళ్లంలో నూర్చాలి. తేమ 13 శాతానికి దిగేలా ఎండబెట్టి, కొత్త సంచుల్లో రకం పేరు రాసి నిల్వ చేయాలి. విత్తే ముందు ఉప్పునీటిలో పోస్తే తేలిక గింజలు పైకి తేలతాయి. వాటిని తీసేసి, మునిగిన గింజలను మంచినీటిలో రెండుసార్లు కడగాలి.

ఇంత చేసినా మూడేళ్లకోసారి నమ్మకమైన చోటునుంచి కొత్త విత్తనం తెచ్చుకోవడం మంచిది. హైబ్రిడ్ వరి విత్తనం మాత్రం దాచి వేయకూడదు. మరుసటి తరంలో పొడుగు, పొట్టి, ముందు, వెనక అన్నీ విడిపోయి చేను చెల్లాచెదురవుతుంది. సొంత విత్తనం దాచుకోవడానికి, తోటి రైతుతో మార్చుకోవడానికి 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతుకు హక్కు ఇచ్చింది.

కొత్త రకం వచ్చిందని వినగానే ఉన్న పొలమంతా వేయడం కూడా ప్రమాదమే. మొదటి ఏడాది ఒక మడిలో వేసి, పక్కనే తనకు తెలిసిన రకం వేసి, రెండింటికీ ఒకే ఎరువు, ఒకే నీరు పెట్టి, విడివిడిగా కోసి తూసుకోవాలి. గడ్డి ఎంత వచ్చింది, మందులకు ఎంత అయింది, మరలో నూక ఎంత పోయింది అన్నవి కూడా రాసి ఉంచుకోవాలి. తన పొలానికి, తన చేతి ఖర్చుకు ఏది సరిపోతుందో ఏ ప్రకటనా చెప్పలేదు, తన కాటా చెబుతుంది.

ఈసారి కోతలకు ముందు గట్టు మీద నడిచే రైతు అక్కడి ఏపైన దుబ్బును చూసి మురవచ్చు, తప్పు లేదు. గడ్డిపరకతో ముడి వేయడానికి మాత్రం చేను లోపలికి నాలుగడుగులు వేయాలి. అక్కడ నలుగురి మధ్య నలుగురిలా నిలబడి, పక్కవాటిని తొక్కకుండా, గాలివానకు ఒరగకుండా, అడుగు గింజ దాకా నింపుకున్న దుబ్బు ఉంటుంది. అది కంటికి ప్రత్యేకంగా కనిపించదు. వచ్చే ఏడాది గాదె నింపేది అదే.